మెట్లలో ఇమడని మూడు వరసలు: ఇంగ్లండ్‌లో కాన్పులు ఎవరింట, ఏ ఊళ్ళో తగ్గాయి

1911 ఏప్రిల్ 2, ఆదివారం. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంటింటికీ జనాభా లెక్కల కాగితం ముందే చేరింది. పేరు, వయసు, వృత్తి లాంటి మామూలు గడులతో పాటు అందులో ఈసారి కొత్త గడులు కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఉన్న ప్రతి పెళ్ళయిన స్త్రీ గురించీ రాయాలి: ఈ పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడున్నవాళ్ళెందరు, పోయినవాళ్ళెందరు. ప్రశ్న ఆడవాళ్ళ గురించి, కలం మాత్రం ఇంటి యజమాని చేతిలో. ఓటుకు పనికిరానివాళ్ళం లెక్కకు మాత్రం ఎందుకని కొందరు మహిళలు ఆ రాత్రి ఇల్లు వదిలి బయటే గడిపారు. ఎమిలీ డేవిసన్ అనే ఉద్యమకారిణి అయితే ఏకంగా పార్లమెంటు భవనంలో ఒక అలమారాలో దాక్కుంది.

ఎక్కువమంది కాగితం నింపే ఇచ్చారు. గుమాస్తాలు వాటిని చూసి కార్డులకు చిల్లులు పొడిచి, యంత్రాల మీద లెక్క తీశారు. బ్రిటిష్ జనాభా లెక్కల్లో యంత్రాలు వాడటం అదే మొదలు.

ప్రభుత్వానికి ఈ కుతూహలం ఊరికే పుట్టలేదు. 1876లో ఆ దేశంలో ప్రతి వెయ్యి మంది జనాభాకు 36 మంది పిల్లలు పుట్టారు. 1911 నాటికి అది 24కు దిగింది. అంటే 35 ఏళ్ళలో మూడో వంతు పోయింది. సర్కారు పథకం లేదు, ప్రోత్సాహకం లేదు, ఇంటికొచ్చి చెప్పే నర్సు లేదు, గోడల మీద నినాదాలు లేవు. జనం తమంతట తామే తగ్గించుకున్నారు. పెద్దమనుషుల దిగులు మాత్రం వేరు. ఎంత తగ్గిందన్నది కాదు, ఎవరింట తగ్గిందన్నది వాళ్ళ ప్రశ్న. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరడానికి వచ్చిన పట్టణపు కుర్రాళ్ళలో చాలామంది ఒంట్లో సత్తువ లేక వెనక్కి పోయారు. జాతి క్షీణిస్తోందా అని 1904లో ఒక కమిటీ విచారణే చేసింది. మేలుజాతి మనుషుల్నే పెంచాలనే ‘యుజెనిక్స్’ వాదులు ఫ్రాన్సిస్ గాల్టన్, కార్ల్ పియర్సన్‌ల శిష్యబృందం చదువుకున్న ఇళ్ళలో ఉయ్యాలలు ఖాళీగా ఉన్నాయని, మురికివాడల్లో నిండిపోతున్నాయని గోల పెట్టింది.

దీన్ని అంకెలతో తేల్చే పని జనన మరణాల లెక్కలు చూసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో గణాంకాల అధికారి టి.హెచ్.సి. స్టీవెన్సన్ మీద పడింది. ఆయన భర్తల వృత్తుల్ని అయిదు మెట్లుగా పేర్చాడు. పైన డాక్టర్లు, లాయర్లు, మతగురువులు; అడుగున మూటలు మోసే కూలీలు. లెక్క తీస్తే అనుకున్నట్టే వచ్చింది: పై మెట్టు మీద పిల్లలు తక్కువ, దిగుతున్నకొద్దీ ఎక్కువ. 1861కి ముందు పెళ్ళయిన జంటల్లో ఈ తేడా చిన్నదే. తర్వాత పెళ్ళయినవాళ్ళలో అది పెరుగుతూ పోయింది. దాంతో ఒక కథ తయారైంది. కొత్త పద్ధతి మేడ మీద మొదలైంది, కిందివాళ్ళు మెల్లగా చూసి నేర్చుకున్నారు అని. వందేళ్ళ తర్వాత కూడా చాలా పుస్తకాలు ఈ కథనే చెబుతున్నాయి.

కానీ స్టీవెన్సన్ పట్టికలో ఉన్నవి అయిదు వరసలు కావు, ఎనిమిది. ఆరోది మిల్లు కార్మికులు. ఏడోది బొగ్గుగని కార్మికులు. ఎనిమిదోది వ్యవసాయ కూలీలు. ఈ ముగ్గురినీ ఆయన మెట్ల నుంచి తీసి విడిగా పెట్టాడు. పెట్టక తప్పలేదు. గని కార్మికుడు బొగ్గు తవ్వి సంపాదించేది తక్కువేమీ కాదు, కానీ అతని ఇంట్లో పిల్లలు దేశంలోనే అందరికంటే ఎక్కువ. మిల్లు కార్మికుడూ శ్రామికుడే, కానీ అతని ఇంట్లో పిల్లలు మధ్యతరగతి వాళ్ళతో పోల్చదగినంత తక్కువ. ఇద్దరినీ నైపుణ్యం ఉన్న కార్మికుల మెట్టు మీద కలిపి కూర్చోబెడితే ఒకరి ఎక్కువ, ఇంకొకరి తక్కువ ఒకదాన్నొకటి మింగేసి చక్కటి సగటు వస్తుంది. అది ఎవరి ఇంటినీ చూపించదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ మూడూ వృత్తుల పేర్లే అయినా, నిజానికి ఊళ్ళ పేర్లు కూడా. బొగ్గు ఉన్నచోటే గని ఉంటుంది, గని ఉన్నచోట ఇంకేమీ ఉండదు. మిల్లులు లాంకషైర్‌లోనో యార్క్‌షైర్‌లోనో గుంపుగా ఉంటాయి. వర్గం అనుకుని వేరు చేసిన వరసల్లో సగం భూగోళమే ఉంది.

ఉత్తర లాంకషైర్‌లోని బర్న్‌లీ, నెల్సన్, బ్లాక్‌బర్న్ నేత పట్టణాలు. మనకు పరాయి ఊళ్ళేం కావు. ఇక్కడివాళ్ళు కట్టుకునే ధోవతులు బ్లాక్‌బర్న్ మరమగ్గాల మీద నేసి ఓడలకెక్కించేవారు. స్వదేశీ ఉద్యమంలో మంటల్లో వేసింది ఈ లాంకషైర్ బట్టనే. ఆ నేత షెడ్లలో 1892 నుంచి ఒకే కూలి జాబితా నడిచింది. ఇంత బట్టకు ఇంత అని లెక్క. నేసింది మగమనిషా ఆడమనిషా అన్నది జాబితాలో లేదు. ఆ రోజుల్లో ఇలాంటిది ఇంకో పరిశ్రమలో వెతికినా దొరకడం కష్టం. అందుకే అక్కడ పెళ్ళయినా ఆడవాళ్ళు మగ్గం వదల్లేదు. 1911లో దేశం మొత్తం మీద పెళ్ళయిన ఆడవాళ్ళలో పదిమందికి ఒకరు కూలికో ఉద్యోగానికో వెళ్ళేవారు. బర్న్‌లీ, బ్లాక్‌బర్న్‌లలో మూడో వంతుకు పైగా వెళ్ళేవారు.

ఆ ఇంట్లో ఇంకో కాన్పు అంటే ఏమిటో ఊహించుకోవచ్చు. నాలుగు మగ్గాలు చూసుకునే మనిషి నెలలు నిండేసరికి మానేయాలి. పురుడు పోసుకున్నాక నాలుగు వారాలు పనిలో పెట్టుకోకూడదని 1891 చట్టం అంది, ఆ నాలుగు వారాల కూలి ఎవరిస్తారో మాత్రం చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి మగ్గాలు ఇంకొకరి చేతికి పోయి ఉండొచ్చు. మళ్ళీ పనిలో చేరితే చంటిబిడ్డను తెల్లవారకముందే దుప్పట్లో చుట్టి పక్కింటి పెద్దావిడకు అప్పగించాలి, ఆమెకు వారం వారం డబ్బివ్వాలి. అంటే బిడ్డ ఖరీదు ఆ ఇంట్లో షిల్లింగుల్లో కనబడేది. వారం చివర కూలి లెక్క చూసుకుంటే చాలు.

ఇంకో సంగతి. వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే షెడ్డులో మాట వినబడదు. ఆడవాళ్ళు పెదవుల కదలికతోనే మాట్లాడుకునేవారు. నోరు బాగా సాగదీసి, ఒక్కో పదాన్ని మొహంతో పలికే ఆ పద్ధతికి ‘మీ-మాయింగ్’ అని పేరు. మేస్త్రీకి వినబడదు, పక్క వరసలో ఉన్న మొగుడికీ వినబడదు. రోజంతా పాతికమంది ఆడవాళ్ళు ఒకచోట ఉండి, ఎవరికీ వినబడకుండా కాపురం కబుర్లు చెప్పుకోగలిగే చోటు ఆ కాలంలో ఇంకెక్కడుంది? కాన్పులు ఎలా తప్పించుకోవాలన్న కబుర్లు కూడా ఆ పెదవుల మీదుగానే దాటి ఉంటాయనుకోవడం అతిశయోక్తి కాదు.

ఇప్పుడు దక్షిణ వేల్స్‌లో రోండా లోయకు వెళ్దాం. 1842 చట్టం ఆడవాళ్ళను గనిలోకి దిగనివ్వకుండా ఆపేసింది. లోయలో గని తప్ప వేరే పని లేదు. కాబట్టి ఆడపిల్ల అయితే దూరపు ఊళ్ళో పనిమనిషిగా కుదరాలి, లేకపోతే పెళ్ళి చేసుకోవాలి. కుర్రాడి సంగతి తిరగబడి ఉంటుంది. బొగ్గు తవ్వే పనిలో ఇరవై దాటగానే పూర్తి కూలి చేతికొస్తుంది, నలభై దాటాక ఒళ్ళు సహకరించదు, కూలి పడిపోతుంది. గుమాస్తాలా ముప్పై దాకా ప్రమోషన్ కోసం ఆగడంలో అర్థం లేదు. పెళ్ళిళ్ళు త్వరగా అయ్యేవి.

ఆ ఇంటి ఆవిడకు పని తక్కువనుకుంటే పొరపాటు. గనుల దగ్గర స్నానాల గదులు ఇంకా రాలేదు. మొగుడు ఒక షిఫ్టు, పెద్దకొడుకు ఇంకో షిఫ్టు, అద్దెకున్న కుర్రాడు మూడో షిఫ్టు. ఒక్కొక్కరు నల్లగా వచ్చినప్పుడల్లా పొయ్యి మీద నీళ్ళు కాచి, పొయ్యి ముందే రేకు తొట్టిలో పోయాలి, బొగ్గు పట్టిన బట్టలు దులిపి ఉతకాలి, మళ్ళీ వండాలి. రోజుకు తొట్లకొద్దీ నీళ్ళు ఎత్తే ఆ చాకిరీకి పైసా రాదు. ఇంకో బిడ్డ పుడితే ఆమె కూలి తగ్గదు, ఎందుకంటే తగ్గడానికి కూలి అంటూ లేదు. కొడుకైతే పదమూడు, పద్నాలుగేళ్ళకు గనిలోకి దిగి వారం కూలి తెచ్చి తల్లి ఒళ్ళో పోస్తాడు. కూతురైతే ఆ నీళ్ళ తొట్టికి రెండో వైపు పట్టుకుంటుంది. ఇక్కడ ఎక్కువమంది పిల్లలుండటం తెలివితక్కువతనమని లండన్‌లో కూర్చుని తేల్చేసినవాళ్ళు ఆ పొయ్యి ముందు ఒక్కరోజు కూర్చోలేదు.

బర్న్‌లీలో మిల్లులతో పాటు గనులూ ఉన్నాయి. అక్కడ గని కార్మికుడి పెళ్ళాం మగ్గం మీద ఉండొచ్చు. స్టీవెన్సన్ పట్టికలో అతనిదీ రోండా మనిషిదీ ఒకటే వరస, భర్త వృత్తినిబట్టి పెట్టింది కాబట్టి. భార్య పని ఆ పట్టికను మార్చదు. ఇంట్లో కాన్పుల సంఖ్యను మార్చేది మాత్రం అదే.

‘పిల్లలు బతుకుతారన్న ధీమా వస్తే కాన్పులు తగ్గుతాయి’ అనే సూత్రం అందరికీ తెలిసిందే. దాన్ని కూడా ఈ మూడు వరసలు చిక్కుల్లో పడేశాయి. 1911లో ఇంగ్లండ్, వేల్స్‌లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయినవాళ్ళు పై తరగతిలో 76 మంది, అడుగు మెట్టు కూలీల్లో 153 మంది. మిల్లు కార్మికుల్లో 148, గని కార్మికుల్లో 160, వ్యవసాయ కూలీల్లో 97. (ఆ వేసవిలో ఎండలు మండిపోయి, విరేచనాలతో పసివాళ్ళు బాగా పోయారు, అంకెలు కాస్త పెద్దగా ఉండటానికి అదో కారణం.) సూత్రం నిజమైతే మిల్లు ఇళ్ళలో కాన్పులు ఎక్కువుండాలి, పల్లెల్లో తక్కువుండాలి. జరిగింది తలకిందులు. దేశంలో అతి తక్కువ కూలి తీసుకునే వ్యవసాయ కూలీ బిడ్డ, అతనికంటే మెరుగ్గా సంపాదించే గని కార్మికుడి బిడ్డ కంటే బాగా బతికింది. పల్లెలో గాలి ఉంది, ఇళ్ళు ఎడంగా ఉన్నాయి, మరుగుదొడ్డి వంటింటి గోడకు ఆనుకుని లేదు. పసిబిడ్డ బతకడం తండ్రి హోదా కంటే ఊరి మురుగు కాలువ మీద ఎక్కువ ఆధారపడింది.

అలాగని వర్గానికి పాత్ర లేదనడం ఇంకో పొరపాటు. పై తరగతుల్లో కాన్పులు ముందుగా తగ్గిన మాట నిజం, దానికి కారణాలూ కనిపిస్తూనే ఉన్నాయి. సివిల్ సర్వీసులోకి, సైన్యంలో ఆఫీసరు పదవుల్లోకి సిఫారసు పోయి పరీక్షలు వచ్చాయి. కొడుకును మంచి బోర్డింగ్ స్కూల్లో చదివించకపోతే తండ్రి హోదా కొడుక్కి దక్కదు. నలుగురు కొడుకుల ఫీజులు కట్టడం ఒక డాక్టరు వల్ల కాదు. పైగా ఇంట్లో పనిమనుషులుండాలి, గుర్రపు బండి ఉండాలి. అందుకే పెళ్ళి ఆలస్యం, పిల్లలు తక్కువ. కింది తరగతుల మాటకొస్తే, 1880లో చదువు తప్పనిసరి అయింది, 1891 నాటికి దాదాపు ఉచితమైంది. ఫీజు పోయినా బిడ్డ ఖరీదు తగ్గలేదు, పెరిగింది. ఏడేళ్ళ వయసునుంచి నాలుగు డబ్బులు తెచ్చే పిల్ల ఇప్పుడు బూట్లు అడుగుతోంది. లాంకషైర్‌లో మాత్రం పన్నెండేళ్ళ పిల్లలు సగం రోజు బడికి, సగం రోజు మిల్లుకు వెళ్ళే పద్ధతి చాలాకాలం నడిచింది. 1918 చట్టం దాన్ని ఆపేదాకా పిల్లల కూలి ఆ ఇళ్ళలో ఉంది. అయినా అక్కడే కాన్పులు తక్కువ. ఎంత చక్కని కారణం చెప్పినా దాన్ని కాదనే ఊరు ఒకటి ఎక్కడో ఉంటుంది.

మధ్యతరగతి కథలో తప్పకుండా వినిపించేది 1877 నాటి కోర్టు కేసు. అమెరికన్ డాక్టరు చార్లెస్ నోల్టన్ 1832లో రాసిన గర్భనిరోధం పుస్తకాన్ని మళ్ళీ అచ్చేసినందుకు నాస్తికవాది చార్లెస్ బ్రాడ్లా, ఆయన సహచరి అనీబిసెంట్‌ల మీద అశ్లీలం కింద కేసు పెట్టారు. కేసు పుణ్యమా అని పుస్తకం కొన్ని నెలల్లోనే లక్షకు పైగా అమ్ముడుపోయింది. కింది కోర్టు తప్పుబట్టింది, మరుసటి ఏడు సాంకేతిక కారణంతో ఆ తీర్పు పోయింది. కానీ ఇలాంటి తల్లి దగ్గర బిడ్డ ఉండకూడదని కోర్టు ఆమె కూతుర్ని తీసుకుపోయింది. తర్వాత మద్రాసు అడయారులో ఉండి, మదనపల్లెలో కాలేజీ పెట్టిన బిసెంట్ ఈవిడే. 1919లో టాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది ఆ మదనపల్లెలోనే. థియోసఫీలో చేరాక ఆవిడ గర్భనిరోధ ప్రచారం మానేశారనేది కథలో ఎవరూ పెద్దగా చెప్పని భాగం. కాన్పులు తగ్గడానికి ఈ కేసే కారణమని రాసేవాళ్ళు ఉన్నారు. తేదీలు అతికినట్టు సరిపోతాయి, అదే దాని ఆకర్షణ. కానీ 1910కి ముందు పెళ్ళయిన జంటల్లో గర్భనిరోధ సాధనాలు వాడినవాళ్ళు చాలా తక్కువని తర్వాతి సర్వేల్లో తేలింది. గర్భనిరోధ ప్రచారకురాలు మేరీ స్టోప్స్ లండన్‌లో క్లినిక్ తెరిచేసరికి 1921 వచ్చింది, అప్పటికి కాన్పులు తగ్గడం మొదలై నలభై ఏళ్ళు దాటింది.

మరి ఎలా తగ్గించారు? ఎక్కువగా మగవాడు చివరిక్షణంలో ఆగడం, లేదా దూరంగా ఉండటం. ఆగడానికి ఒక్కో ప్రాంతంలో ఒక్కో సంకేతం పుట్టింది. లాంకషైర్‌లో ‘బ్లాక్‌పూల్ దాకా పోకు, సౌత్ షోర్‌లో దిగిపో’ అనేవారు. లివర్‌పూల్ వాళ్ళకు ఎడ్జ్ హిల్, న్యూకాసిల్ వాళ్ళకు గేట్స్‌హెడ్. అన్నీ పెద్ద ఊరికి ఒక్క స్టేజీ ముందు వచ్చే స్టాపులే. పుస్తకం చదివి నేర్చుకున్న విద్యయితే ఇన్ని ఊళ్ళ పేర్లతో ఉండదు.

ఇదే ప్రయాణానికి చీకటి వైపు కూడా ఉంది. షెఫీల్డ్‌లో నీళ్ళ గొట్టాల సీసం కలిసి జనం జబ్బుపడ్డప్పుడు, గర్భిణులకు గర్భం పోతోందని అక్కడి ఆడవాళ్ళు గమనించారు. 1890ల్లో మందుల షాపులో దొరికే సీసపు పట్టీ మందును గర్భం పోగొట్టుకోవడానికి మింగడం మొదలైంది. షెఫీల్డ్ నుంచి నాటింగ్‌హామ్, లెస్టర్ లాంటి పట్టణాలకు పాకింది. చూపు పోయినవాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు, చనిపోయినవాళ్ళు ఉన్నారు. ప్రకటన లేదు, పత్రికలో లేదు. ఒక వీధి నుంచి ఇంకో వీధికి, ఒక ఊరి నుంచి పక్క ఊరికి నోటిమాట వెళ్ళినంత దూరమే అది వెళ్ళింది. కాన్పుకు భయపడి అంత ప్రమాదానికి దిగిన ఆడవాళ్ళను ‘పై తరగతిని అనుకరించారు’ అని వర్ణించడానికి మనసొప్పదు.

1963లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం యూరప్ మొత్తాన్నీ జిల్లాలవారీగా లెక్కగట్టే పని పెట్టుకుంది. ఆదాయం, పరిశ్రమలు, చదువు అన్నిటినీ పక్కన పెట్టి చూసినా భాష, సంస్కృతి హద్దులు కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. బెల్జియంలో ఫ్రెంచి మాట్లాడే ఊళ్ళలో కాన్పులు ముందు తగ్గాయి, ఫ్లెమిష్ మాట్లాడే పొరుగూళ్ళలో ఆలస్యంగా తగ్గాయి. బతుకుతెరువు ఒకలాగే ఉన్నా సరే. 1990ల్లో చరిత్రకారుడు సైమన్ స్రెటర్ స్టీవెన్సన్ మెట్లను విప్పి, 1911 నాటి 195 వృత్తుల్ని విడివిడిగా చూశాడు. మెట్లు కనబడలేదు. ఒక తరగతి పేరు కింద ఉన్న వృత్తుల మధ్యే పెద్ద తేడాలున్నాయి, వేర్వేరు తరగతుల వృత్తులు ఒకదానిమీదొకటి పడ్డాయి. తర్వాత 13 చోట్ల జనాభా లెక్కల కాగితాల్ని ఇంటింటి లెక్కన పరిశీలించినప్పుడు, ఒకే చోట ఉండే వేర్వేరు తరగతుల వాళ్ళు కాన్పుల విషయంలో ఒకరికొకరు దగ్గరగా ఉన్నట్టు తేలింది.

దీన్ని నమ్మడం తెలుగువాళ్ళకు అంత కష్టం కాకూడదు. 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ అక్షరాస్యత 33 శాతం. ఆ దశాబ్దం ముగిసేసరికి ఒక్కో మహిళకు సగటు సంతానం 2.25కు దిగింది. 2005-06 నాటికి 1.8. అప్పుడు బీహార్‌లో 4. చదువు రాని కూలి ఇళ్ళలో కూడా ఇద్దరో ముగ్గురో పుట్టగానే ‘ఆపరేషన్ చేయించేసుకుంది’ అన్నది మామూలు మాట అయిపోయింది. ఏ ఆపరేషనో అడగాల్సిన అవసరం లేనంత మామూలు. ఇక్కడ సర్కారు ఆసుపత్రి ఉంది, టార్గెట్లు ఉన్నాయి. లాంకషైర్‌లో అవి లేవు. ఆ తేడా చిన్నది కాదు. అయినా భర్త కూలి రేటు చూసో, భార్య చదువు చూసో ఈ అంకెను ముందే చెప్పగలిగేవారు కారు. ఏ ఊరని అడిగితే చెప్పగలిగేవారు.

ఇంగ్లండ్‌లో 1860ల్లో పెళ్ళయిన జంటలకు సగటున ఆరుగురు దాకా పుట్టారు. 1925-29 మధ్య పెళ్ళయినవాళ్ళకు 2.2. అప్పటికి తరగతుల మధ్య దూరం తగ్గింది, గని లోయల్లోనూ కాన్పులు పడిపోయాయి. 1921 లెక్కల నాటికే స్టీవెన్సన్ తన మూడు అదనపు వరసల్నీ అయిదు మెట్లలో కలిపేశాడు. ఆ మెట్లు కొద్ది మార్పులతో 2001 దాకా బ్రిటిష్ ప్రభుత్వ లెక్కల్లో నడిచాయి.

1911 కాగితాలు మాత్రం ఇంకా ఉన్నాయి, లండన్ పక్కన క్యూ (Kew) అనే చోట ఉన్న జాతీయ భాండాగారంలో. ప్రశ్న భర్త బతికున్న ఆడవాళ్ళ గురించే అయినా, భార్య పోయిన మగవాళ్ళూ, మొగుడు పోయిన ఆడవాళ్ళూ చాలామంది ఆ గడులు నింపేశారు. ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు అని. వాళ్ళు లెక్కలోకి రారు కాబట్టి గుమాస్తాలు ఆ అంకెల మీద గీత కొట్టేశారు. గీత కింద అంకెలు ఇప్పటికీ చదవొచ్చు.